ఇంట్లో పెద్దవాళ్లను డే కేర్‌కు పంపాలంటే: మొదటి మాట నుంచి మూడో నెల దాకా

మా నాన్నగారికి పక్షవాతం వచ్చాక రెండేళ్లపాటు ఆయన లోకమంతా ఒక గది, ఒక టీవీ, నేను. డే కేర్ సెంటర్ గురించి ఎవరో చెబితే "అంటే నా వల్ల కావట్లేదని ఒప్పుకోవడమేగా" అనిపించి ఇంకో ఏడాది నెట్టుకొచ్చాను. ఆఖరికి ఆయన్ను మంచం మీంచి లేపుతుంటే నా నడుము పట్టేసింది. అప్పుడు వారం రోజుల్లో హడావిడిగా ఒక సెంటర్ వెతికి, ఆయనకు సరిగ్గా చెప్పకుండానే చేర్చేశాను. మూడో రోజుకే వెళ్లనని మొండికేశారు. తప్పు ఆయనది కాదు. తర్వాత మళ్లీ మొదటి నుంచి, ఈసారి నెమ్మదిగా, పద్ధతిగా చేశాం. అప్పుడు కుదిరింది.

మీరూ ఇదే ఆలోచనలో ఉంటే కింద రాసినవి వరసగా చేసుకుంటూ వెళ్లండి. వయసు మీదపడిన అమ్మానాన్నలకే కాదు, పుట్టుకతోనో ప్రమాదం వల్లో వైకల్యం వచ్చిన అన్నదమ్ములకు, పెద్దయిన పిల్లలకు కూడా దాదాపు ఇదే దారి. తేడా ఉన్నచోట చెబుతాను. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్పాలి: మీ ఓపిక పూర్తిగా అయిపోయే దాకా ఆగకండి. అలసిపోయినవాళ్లు మంచి సెంటర్ వెతకలేరు, దగ్గర్లో ఉన్నదాన్ని ఒప్పేసుకుంటారు.

మొదటి అడుగు: మీకు కావలసింది ఏ రకం సెంటరో తేల్చుకోండి

డే కేర్ అంటే ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇంటికి వచ్చేసే ఏర్పాటు. ఆశ్రమం కాదు, ఆసుపత్రి కాదు. ఆలోచన కూడా కొత్తది కాదు. 1950లలో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో, కౌలీ రోడ్ హాస్పిటల్‌లో లయనెల్ కోసిన్ అనే డాక్టర్ పెద్దవయసు రోగులను పగలు రప్పించి, వ్యాయామం, పని, వైద్యం అందించి రాత్రికి ఇంటికి పంపే పద్ధతి నడిపారు. వార్డులో పడుకోబెడితే మనిషి మంచానికే అతుక్కుపోతున్నాడని ఆయన గమనించారు. 1970లలో శాన్ ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో 'ఆన్ లోక్' అనే సంస్థ ఇదే దారిలో వెళ్లి, డాక్టరు, నర్సు, ఫిజియోథెరపిస్టు, రవాణా అన్నీ పగటి కేంద్రం చుట్టూనే అల్లింది. ఆశ్రమంలో చేరాల్సినంత బలహీనంగా ఉన్నవాళ్లు కూడా తమ ఇళ్లలోనే ఉండగలిగారు. ఈ చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. డే కేర్ పుట్టింది ఇంటివాళ్ల బరువు దించడానికి మాత్రమే కాదు, వెళ్లే మనిషిని మళ్లీ నిలబెట్టడానికి. మీరు చూడబోయే సెంటర్‌లో ఆ రెండో పని జరుగుతోందా అన్నదే అసలు ప్రశ్న.

స్థూలంగా మూడు రకాలుంటాయి. మొదటి రకంలో కబుర్లు, ఆటలు, పాటలు, భోజనం, తేలికపాటి సాయం ఉంటాయి. ఒంటరితనమే ప్రధాన సమస్య అయినవాళ్లకు ఇది చాలు. రెండో రకంలో నర్సు ఉంటారు. మందులు, కట్లు, ఫిజియోథెరపీ చూసుకుంటారు. మూడో రకం ప్రత్యేక కేంద్రాలు: మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా ఉన్నవాళ్లకు, లేదా మేధో వైకల్యం, ఆటిజం, తలకు దెబ్బ తగిలినవాళ్లకు. బోర్డు మీద ఏం రాశారన్నది పట్టించుకోకండి. "నర్సు ఏ రోజుల్లో, ఎన్ని గంటలు ఉంటారు?" అని అడిగితే రకం ఏదో తేలిపోతుంది.

రెండో అడుగు: ఒక వారం రాసి పెట్టుకోండి

సెంటర్‌కు ఫోన్ చేసే ముందు ఒక నోటుపుస్తకం తీసుకోండి. సిడ్నీ కాట్జ్ అనే అమెరికన్ డాక్టర్ 1963లో ఆరు పనుల జాబితా ఒకటి ఇచ్చారు: స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కు వెళ్లిరావడం, మంచం నుంచి కుర్చీకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. ఇప్పటికీ చాలాచోట్ల ఇదే వాడుతున్నారు. ఒక్కొక్కదాని పక్కన సొంతంగా చేసుకుంటున్నారా, కొంత సాయం కావాలా, పూర్తిగా మీరే చేస్తున్నారా అని వారం పాటు రాయండి. "బాగానే నడుస్తారు" అని రాయకండి. "కుర్చీ చేతులు పట్టుకుని లేస్తారు, పది అడుగుల తర్వాత ఆగుతారు, ఎడమ కాలు ఈడుస్తారు" అని రాయండి.

వీటికి తోడు: రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఏ వేళలో చిరాకు పెరుగుతోంది, మింగేటప్పుడు దగ్గు వస్తోందా, ఒంటరిగా బయటికి వెళ్లిపోయే అలవాటు ఉందా, ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నారా. ఈ చివరి రెండూ దాచాలనిపిస్తుంది. చేర్చుకోరేమోనని భయం. దాచకండి. తెలియని సిబ్బంది చేతిలో ఆ మనిషికే ప్రమాదం. పైగా రెండో వారంలో బయటపడి, తీసుకెళ్లిపోమంటే ఇద్దరికీ దెబ్బ.

అదే పుస్తకంలో ఒక పేజీ మీ కోసం పెట్టుకోండి. ఎన్ని గంటలు నిద్రపోయారు, మీ సొంత మందులు వేసుకున్నారా, ఎన్నిసార్లు అరిచారు. స్టీవెన్ జారిట్ అనే పరిశోధకుడి పేరుతో 22 ప్రశ్నల పత్రం ఒకటి ఉంది. చూసుకునేవాళ్ల మీద ఎంత భారం పడుతోందో కొలవడానికి డాక్టర్లు వాడతారు. మీ డాక్టర్‌ను అడిగితే కూర్చోబెట్టి నింపిస్తారు. వారానికి ఎన్ని రోజులు పంపాలన్నది తేల్చడానికి ఈ పేజీ కూడా అవసరమే.

మూడో అడుగు: వెళ్లవలసిన మనిషితో మాట్లాడండి

నేను తప్పు చేసింది ఇక్కడే. అన్నీ ఖాయం చేసుకుని, "రేపటి నుంచి వెళ్తున్నావు నాన్నా" అన్నాను. ఆయన స్థానంలో ఎవరున్నా మొండికేస్తారు.

మాట ఎత్తడానికి వేళ చూసుకోండి. గొడవ జరిగిన రోజు వద్దు, స్నానం చేయించేటప్పుడు వద్దు. పక్కన కూర్చుని, టీవీ ఆపి, మీ మాటగా చెప్పండి: "నేను పగలు పనికి వెళ్తే నువ్వు ఒక్కడివే ఉంటున్నావు, నాకు టెన్షన్‌గా ఉంటోంది. ఒక చోటు ఉంది, నీ ఈడువాళ్లు వస్తారు. ఇద్దరం వెళ్లి చూసొద్దాం. నచ్చకపోతే ఇంకోటి చూద్దాం." ఇందులో ప్రతి మాటా నిజమై ఉండాలి. డాక్టర్ దగ్గరికని చెప్పి తీసుకెళ్లి అక్కడ వదిలేసి రావడం మొదటి రోజు పనిచేస్తుంది, తర్వాత మీరు ఏం చెప్పినా నమ్మరు.

"నన్ను వదిలించుకుంటున్నారా?" అన్న ప్రశ్న వస్తుంది. కొందరు నోటితో అడుగుతారు, కొందరు అన్నం మానేసి అడుగుతారు. వాదించకండి. "సాయంత్రం నీ మంచం మీదే పడుకుంటావు, నేనే వచ్చి తీసుకొస్తాను" అని చెప్పండి. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు అదే మాట, అదే గొంతుతో.

డిమెన్షియా ఉన్నవాళ్లకు వారం ముందు నుంచి చెబుతూ వస్తే ఆ వారమంతా ఆందోళనే. వాళ్లకు ఆ రోజు ఉదయం, రెండు ముక్కల్లో చెప్పడం మేలు. ఆటిజం ఉన్న పెద్దవాళ్లకు దీనికి సరిగ్గా ఎదురు: ముందే తెలియాలి, ఫోటోలు చూపించాలి, ఏ గది తర్వాత ఏ గది, ఎన్ని గంటలకు ఏం జరుగుతుంది అన్నీ తెలియాలి. సెంటర్ గేటు, బండి, వాళ్లు కూర్చోబోయే చోటు, అక్కడ పలకరించే మనిషి, వీటి ఫోటోలు తీసుకుని క్యాలెండర్‌కు అంటించండి.

మేధో వైకల్యం ఉన్నవాళ్ల విషయంలో ఇంటివాళ్లు తరచూ మరిచిపోయే సంగతి ఒకటుంది. ముప్పై ఏళ్ల మనిషి ముప్పై ఏళ్ల మనిషే. "స్కూలుకు వెళ్దాం" అనకండి. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వైకల్యమున్నవారి హక్కుల ఒప్పందంలో 12వ అధికరణం వాళ్ల నిర్ణయాధికారం గురించీ, 19వది అందరితో కలిసి సమాజంలో బతికే హక్కు గురించీ చెబుతాయి. ఇంటి భాషలో చెప్పాలంటే: మాట రాకపోయినా ఇష్టాయిష్టాలు ఉంటాయి, వాటిని కనిపెట్టి లెక్కలోకి తీసుకోవడం మన పని. రెండు సెంటర్లు చూపించండి. ఏ చోట భుజాలు సడలాయో, ఏ చోట చెవులు మూసుకున్నారో చూడండి. అదే వాళ్ల జవాబు.

నాలుగో అడుగు: సెంటర్‌ను రెండుసార్లు చూడండి

ఒకసారి చెప్పి వెళ్లండి, ఒకసారి చెప్పకుండా వెళ్లండి. చెప్పకుండా వెళ్లేది మధ్యాహ్న భోజనం అయ్యాక ఓ గంటకు. పొద్దున పూట ఏ సెంటరైనా కళకళలాడుతుంది. మధ్యాహ్నం సిబ్బంది అలసిపోయాక ఎలా ఉంటుందన్నదే ముఖ్యం. పనివేళల్లో చెప్పకుండా వస్తే లోపలికి రానివ్వమంటే ఆ సెంటర్ పేరు కొట్టేయండి. ఇక్కడ నేను మొహమాటపడను. మిగతావాళ్ల గోప్యత కోసం కొన్ని గదులు చూపించకపోవచ్చు, అది సబబే. గుమ్మంలోనే ఆపేయడం వేరు.

లోపలికి వెళ్లగానే టాయిలెట్ చూడండి. రిసెప్షన్‌లో పూలు ఉన్నాయా అన్నది కాదు, టాయిలెట్‌లో గట్టిగా బిగించిన పట్టుకమ్మీలు ఉన్నాయా అన్నది చూడాలి. వీల్‌చైర్ దూరాలంటే తలుపు తెరిచినప్పుడు కనీసం 32 అంగుళాలు, అంటే 81 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. లోపల తిరగడానికి సుమారు 5 అడుగుల వ్యాసం. ర్యాంపు అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు ఉండాలి. ఇవి అమెరికా ప్రమాణాలు, కానీ వీల్‌చైర్ ఎక్కడైనా వీల్‌చైరే. టేపు తీసుకెళ్లి కొలవండి. మీ వాళ్ల కుర్చీ వెడల్పు కూడా ముందే కొలిచి రాసుకోండి. లోపల ఎవరైనా పడిపోతే బయటి నుంచి తలుపు తీయగలరా అని అడిగి, తీసి చూపించమనండి.

తర్వాత పది నిమిషాలు ఒక మూల కూర్చుని మనుషులను చూడండి. సిబ్బంది కుర్చీలో ఉన్న మనిషితో మాట్లాడేటప్పుడు వంగి, కళ్లలోకి చూస్తున్నారా? లేక తల మీదుగా ఇంకొకరితో మాట్లాడుతూ కుర్చీ తోసుకుపోతున్నారా? పేరుతో, గౌరవంగా పిలుస్తున్నారా, "ఒసేయ్, ఒరేయ్" అంటున్నారా? చంటిపిల్లలతో మాట్లాడినట్టు ముద్దుముద్దుగా మాట్లాడితే కొందరు ఇంటివాళ్లు మురిసిపోతారు. పెద్దమనిషికి అది అవమానం. తినిపించేవాళ్లు పక్కన కూర్చుని తినిపిస్తున్నారా, నిలబడి గబగబా నోట్లో పెడుతున్నారా? టాయిలెట్‌కు వెళ్లాలని ఎవరైనా చెయ్యెత్తితే ఎంతసేపటికి వస్తున్నారు? గడియారం చూసుకోండి.

టీవీ ముందు వరసగా కూర్చోబెట్టి ఉంటే అది కార్యక్రమం కాదు. ఇంట్లో టీవీ ఉంది. మంచి సెంటర్‌లో ఒకే సమయంలో రెండు మూడు పనులు జరుగుతుంటాయి, ఏమీ చేయకుండా కూర్చునే హక్కు కూడా ఉంటుంది. గోల భరించలేనివాళ్లకు ఒక నిశ్శబ్దమైన గది ఉండాలి. డిమెన్షియా ఉన్నవాళ్లు బయటికి వెళ్లిపోకుండా తలుపుకు అలారం ఉండాలి, కానీ కుర్చీకి కట్టేయడం అన్న మాటే ఉండకూడదు. "కంగారు పడుతుంటే ఏం చేస్తారు?" అని అడగండి. "కారణం వెతుకుతాం, బయట కాస్త నడిపిస్తాం" అంటే సరే. "కూర్చోబెట్టేస్తాం" అంటే లేచి వచ్చేయండి.

సిబ్బంది సంఖ్య అడగాలి. అమెరికాలోని డే కేర్ సేవల జాతీయ సంఘం ఆరుగురికి కనీసం ఒక సిబ్బంది ఉండాలంటుంది. ఎక్కువ సాయం కావలసినవాళ్లు ఉన్నచోట నలుగురికి ఒకరు. వంటవాళ్లను, డ్రైవర్‌ను, ఆఫీసులో కూర్చునేవాళ్లను లెక్కలోంచి తీసేసి చూడండి. "ఇక్కడ ఎన్నాళ్ల నుంచి పనిచేస్తున్నారు?" అని యజమానిని కాదు, గదిలో తిరుగుతున్న ఆయమ్మను అడగండి. అందరూ రెండు మూడు నెలల వాళ్లే అయితే ఏదో తేడా ఉంది.

కాగితం మీద తీసుకోవలసిన జవాబులు కొన్ని ఉన్నాయి. రాని రోజులకు డబ్బు తీసుకుంటారా? సాయంత్రం మీరు ఆలస్యమైతే ఎవరు ఉంటారు? కింద పడితే ఎంతసేపట్లో ఫోన్ చేస్తారు? జ్వరం ఎంత ఉంటే రావద్దంటారు? అత్యవసరమైతే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు? బండిలో డ్రైవర్ కాక ఇంకో మనిషి ఉంటారా, వీల్‌చైర్‌ను నాలుగు వైపులా బిగిస్తారా? బండి అందరినీ ఎక్కించుకుంటూ వెళ్లేసరికి మీ వాళ్లు అందులో ఎంతసేపు కూర్చోవాలి? ఈ చివరిది చాలామంది అడగరు. ఒక్కో వైపు గంటకు మించితే మూత్రం ఆపుకోలేనివాళ్లకు, నడుము నొప్పి ఉన్నవాళ్లకు ఆ ప్రయాణమే నరకం.

ఐదో అడుగు: డాక్టర్‌ను కలిసి మందుల వేళలు సర్దండి

ఈ పని చేరడానికి రెండు వారాల ముందే చేయండి. వాడే మందులన్నీ ఒక కాగితం మీద: పేరు, మోతాదు, వేళ, దేనికోసం. పగలు వేయాల్సినవాటిని తగ్గించవచ్చేమో అడగండి. కొన్ని వేళలు మాత్రం చాలా ముఖ్యం. బీపీకో గుండెకో వాడే, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్ర పొద్దున్నే వేసి బండి ఎక్కిస్తే దారిలో అవస్థ పడతారు. వేళ మార్చవచ్చా అని డాక్టర్‌నే అడగండి, మీరు మార్చకండి. చేతులు వణికి, కదలికలు మందగించే పార్కిన్సన్స్ జబ్బుకు వాడే లెవోడోపా మాత్ర అరగంట ఆలస్యమైనా కొందరు కుర్చీలోంచి లేవలేరు. ఆ మాత్ర ఏ నిమిషానికి వేయాలో సెంటర్‌కు రాసి ఇవ్వండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ల విషయంలో భోజనం వేళ, సూది వేళ కలవాలి.

మూర్ఛలు వచ్చేవాళ్ల కోసం ఒక పేజీ విడిగా రాయించండి. ఎలా మొదలవుతుంది, మామూలుగా ఎంతసేపు ఉంటుంది, ఏ మందు ఇవ్వాలి. 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. వెన్నుపాముకు ఛాతీ భాగంలోనో అంతకు పైనో దెబ్బ తగిలినవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. మూత్రం గొట్టం మెలిక పడినా, మూత్రసంచి నిండిపోయినా బీపీ ఒక్కసారిగా పెరిగిపోతుంది. తలనొప్పి, మొహం ఎర్రబడటం, చెమటలు పడితే వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, గొట్టం చూడాలి. తగ్గకపోతే అంబులెన్స్ పిలవాలి. చాలామంది సిబ్బందికి ఇది తెలియదు. మీరే నేర్పాలి. రోజంతా వీల్‌చైర్‌లో కూర్చునేవాళ్ల బరువును 15 నుంచి 30 నిమిషాలకోసారి కాస్త పక్కకు మార్చకపోతే పుండ్లు పడతాయి. ఎవరు చేస్తారు, ఎలా గుర్తుంచుకుంటారు అన్నది పేరుతో సహా తేల్చుకోండి.

ఆరో అడుగు: మనిషి గురించి ఒక పేజీ

మెడికల్ ఫారాలు సెంటర్‌వాళ్లే ఇస్తారు. వాళ్లు ఇవ్వనిది ఈ పేజీ, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది. ఏమని పిలిస్తే పలుకుతారు. ఏ పని చేసి బతికారు. ఏ చెవి బాగా వినిపిస్తుంది. టాయిలెట్‌కు వెళ్లాలంటే ఏమంటారు, లేదా ఏం చేస్తారు. దేనికి భయం. ఏం మాట్లాడితే మొహం వెలుగుతుంది. ఏ విషయం ఎత్తకూడదు. కోపం వస్తే ఎలా చల్లబడతారు.

మా నాన్నగారు జీవితమంతా లెక్కలు రాసిన మనిషి. రెండోసారి చేర్చినప్పుడు ఆ పేజీలో ఆ ఒక్క వాక్యం రాశాను. అక్కడి నర్సు ఆయన చేతికి హాజరు పుస్తకం ఇచ్చింది. మళ్లీ చేత్తో పెన్ను పట్టుకోవడం నేర్చుకుని మరీ ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో టిక్కులు పెట్టారు. ఫిజియోథెరపిస్టు బతిమాలినా కదపని చేతిని ఆ పుస్తకం కోసం కదిపారు. అప్పటి నుంచి ఆయన డే కేర్‌కు వెళ్లలేదు, డ్యూటీకి వెళ్లారు.

మాట రానివాళ్లకు ఈ పేజీ రెండు పేజీలు కావచ్చు. నొప్పి వస్తే ఎలా తెలుస్తుందో రాయండి: పెదవి కొరకడం, తల ఊపడం, తిండి తోసేయడం. అమ్మకు తప్ప ఎవరికీ తెలియని సంగతులు ఇవి. మీకు తెలిసినవన్నీ మీ తలలోనే ఉండిపోకూడదు.

కళ్లజోడు, చెవి మిషన్, కట్టుడు పళ్ల డబ్బా, చేతికర్ర, అన్నిటి మీదా పేరు రాయండి. ఒక జత బట్టలు, లోదుస్తులు రెండు, అవసరమైతే డైపర్లు సంచిలో పెట్టండి. నగలు ఇంట్లోనే ఉంచండి.

ఏడో అడుగు: మొదటి ఆరు వారాలు

వారానికి ఒక రోజుతో మొదలుపెడదామని అందరికీ అనిపిస్తుంది. వద్దు. వారానికి ఒక్కసారి అయితే ప్రతిసారీ కొత్తచోటే, ప్రతిసారీ మొదటి రోజే. కనీసం రెండు రోజులు పంపండి, ఏ వారమైనా అవే రోజులు. జారిట్ బృందం 1998లో ప్రచురించిన అధ్యయనంలో కూడా వారానికి కనీసం రెండు రోజుల చొప్పున మూడు నెలలు డే కేర్ వాడుకున్న కుటుంబాల్లో, చూసుకునేవాళ్ల ఒత్తిడి, దిగులు తగ్గినట్టు కనిపించింది. మొదటి రెండు మూడు సార్లు సగం పూట చాలు. మొదటిసారి మీరూ కాసేపు కూర్చోండి, రెండోసారి నుంచి గుమ్మం దాకానే.

గొడవంతా ఉదయమే జరుగుతుంది. దాన్ని ముందు రోజు రాత్రే సగం తగ్గించవచ్చు. బట్టలు తీసి పెట్టండి, సంచి సర్దండి. ఉదయం మామూలు కంటే 45 నిమిషాలు ముందు లేపండి, తొందరపెడితే కాళ్లు బిగుసుకుపోతాయి. "వెళ్తావా?" అని అడగకండి, ఆ ప్రశ్నకు "వెళ్లను" అన్నదే తేలికైన జవాబు. "నీలం చొక్కానా, తెల్లదా?" అని అడగండి. గుమ్మం దగ్గర పొడుగాటి వీడ్కోలు వద్దు. చెయ్యి పట్టుకుని, సాయంత్రం వస్తానని చెప్పి, ఆ మాట అన్నాక వెనక్కి తిరిగి వచ్చేయండి. గేటు బయట నిలబడి ఏడిస్తే ఏడవండి, తప్పు లేదు. అరగంట ఆగి ఫోన్ చేసి అడగండి. చాలాసార్లు మీరు వెళ్లిన పది నిమిషాలకే సర్దుకుని ఉంటారు.

సర్దుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఇవ్వండి. ఈ లోపల "నేను వెళ్లను" అన్న మాట చాలాసార్లు వింటారు. ఆ మాటను మొండితనంగా కాక ఒక సమాచారంగా తీసుకోండి. ఏమిటి నచ్చనిది? బండిలో కుదుపా? పక్క కుర్చీ మనిషా? టాయిలెట్‌కు తీసుకెళ్లేది మగ ఆయానా, ఆడ ఆయానా? నాకు తెలిసిన ఒక పెద్దావిడ నెల రోజులు ఏడ్చి వెళ్లింది. ఆఖరికి తేలిందేమిటంటే ఫ్యాన్ కింద కూర్చోబెడుతున్నారు, ఆవిడకు చలి. కుర్చీ మార్చారు, ఏడుపు ఆగింది. ఆరు వారాలు గడిచినా, ఒక్కొక్క కారణం తీసేస్తూ వచ్చినా తిండి తగ్గి, నిద్ర కరువై, మనిషి మూగబోతే మాత్రం ఆ సెంటర్ సరిపడలేదన్న మాట. ఇంకోటి వెతకండి.

ఇంటికి వచ్చాక అరగంట వాళ్లను వాళ్ల మానాన వదిలేయండి. రోజంతా మనుషుల మధ్య ఉండి అలసి వస్తారు. డిమెన్షియా ఉన్నవాళ్లకు సాయంత్రం చీకటి పడే వేళ కంగారు ఎక్కువవడం మామూలే. లైట్లు వేయండి, టీవీ గొంతు తగ్గించండి. "ఇవాళ ఏం చేశావు?" అని అడిగితే గుర్తులేక అవమానపడతారు. సంచిలో ఒక చిన్న పుస్తకం పెట్టి, సిబ్బందిని రెండు లైన్లు రాయమనండి: ఏం తిన్నారు, ఎన్నిసార్లు టాయిలెట్‌కు వెళ్లారు, ఏం చేశారు. అది చూసి "ఇవాళ పాట పాడావటగా" అని మీరే మొదలుపెట్టండి.

ఖాళీ దొరికిన పూటల్లో ఏం చేయాలి? మొదటి రెండు వారాలు నిద్రపోండి. పెండింగ్ పనులన్నీ ఆ గంటల్లో కుక్కితే సాయంత్రానికి మళ్లీ అదే అలసట. తర్వాత మీ సొంత డాక్టర్ చెకప్. నేను ఏడాదిన్నరగా వాయిదా వేసిన పంటినొప్పి అప్పుడు చూపించుకున్నాను.

ఎనిమిదో అడుగు: కళ్లు తెరిచి ఉంచండి

నెలకోసారి ఒకే తక్కెడ మీద బరువు చూడండి. నెలలో శరీర బరువులో 5 శాతం తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 57కు వస్తే, డాక్టర్‌కు చూపించాలి. స్నానం చేయించేటప్పుడు వీపు, తుంటి, మడమలు చూడండి. ఎర్రటి మచ్చను నొక్కితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. నొక్కినా ఎర్రగానే ఉంటే పుండు మొదలవుతోందని అర్థం. చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు సరిగ్గా కనపడకపోవచ్చు; చేత్తో తడిమి వేడిగా, గట్టిగా ఉందేమో చూడాలి. పై చేతుల మీద వేళ్ల గుర్తుల్లాంటి కమిలిన మచ్చలు, ఫలానా మనిషిని చూడగానే ముడుచుకుపోవడం, సెంటర్ నుంచి ఎప్పుడూ మగతగా రావడం, వీటిని దాటేయకండి. తారీఖుతో రాసి, ఫోటో తీసి, ఆ రోజే మాట్లాడండి. జవాబు నీళ్లు నమిలినట్టుంటే మర్నాడు పంపకండి. దెబ్బ కొట్టారన్న అనుమానమే ఉంటే పోలీసులకు, వృద్ధుల, వైకల్యమున్నవారి సంక్షేమం చూసే అధికారులకు చెప్పండి.

ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా అయోమయం పెరిగితే అది "డే కేర్ పడలేదు" అనో "జబ్బు ముదిరింది" అనో అనుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, నీళ్లు చాలకపోవడం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. అదే రోజు డాక్టర్‌కు చూపించండి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు నలభైలు దాటాక నేర్చుకున్న పనులు మరిచిపోతుంటే థైరాయిడ్, వినికిడి, చూపు పరీక్ష చేయించి, అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు సంగతీ అడగండి. వాళ్లకు అది మిగతావాళ్ల కంటే చాలా ముందే వస్తుంది. ఇలాంటి మార్పు మొదట పట్టేది తరచూ సెంటర్ సిబ్బందే. రోజూ చూసే మన కళ్లకు ఆనదు.

బాగున్నప్పుడు కూడా చెప్పండి. మీ నాన్న నవ్వాడని, మీ చెల్లి కొత్త మాట అందని ఆ ఆయమ్మకు పేరు పెట్టి చెబితే, మీ వాళ్లను చూసే చూపే మారుతుంది.

తొమ్మిదో అడుగు: రెండో మనిషి

లేపడానికి ఎప్పుడూ ఇద్దరు కావలసి వచ్చినా, రాత్రులు అసలు నిద్ర లేకపోయినా పగటి సంరక్షణ ఒక్కటే చాలదు. రాత్రి మనిషినో, నెలలో కొన్ని రోజులు పూర్తిగా ఉంచుకునే చోటునో అప్పుడు చూసుకోవాలి. సెంటర్ నర్సునే అడగండి, ఆమెకు తెలిసినన్ని చోట్లు మనకు తెలియవు.

వైకల్యమున్న బిడ్డను డెబ్బై ఏళ్ల వయసులోనూ తామే చూసుకుంటున్న తల్లిదండ్రులకు ఈ అడుగు మిగతా ఎనిమిదింటికంటే ముఖ్యం. మీరు ఉండగానే మీ బిడ్డకు మీరు లేని పగళ్లు అలవాటు కావాలి. సెంటర్ ఫారంలో అత్యవసర ఫోన్ నంబర్ల దగ్గర రెండో గడి ఖాళీగా వదలకండి. అందులో పేరు రాసిన మనిషిని, అన్న కొడుకైనా, పక్కింటి స్నేహితురాలైనా, నెలకోసారి సాయంత్రం మీ బదులు వెళ్లి ఇంటికి తీసుకురమ్మనండి. ఆ పూట మీరు వెళ్లకండి. ఆ మనిషిని గేటు దగ్గర చూసి మీ బిడ్డ సంచి తనంతట తానే అందించే రోజు దాకా ప్రతి నెలా అలాగే పంపండి.